ఇంటర్ తర్వాత లింగ్విస్టిక్స్ మేజర్‌గా చదవొచ్చా? వైజాగ్‌లో ఉన్నవాళ్లు చెప్పండి

1. సాగరిక_గాజువాక

అందరికీ నమస్కారం. నేను గాజువాకలో ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతున్నాను. ఇంట్లో రోజూ ఈఏపీసెట్ మాటే. నాకేమో ఏడాదిగా లింగ్విస్టిక్స్, అంటే భాషాశాస్త్రం చదవాలని ఉంది. ఇంట్లో ఇంకా గట్టిగా చెప్పలేదు, టెన్షన్‌గా ఉంది.

ఇదెలా మొదలైందంటే, మా పెదనాన్నగారి అబ్బాయి ఢిల్లీలో పెరిగాడు. పోయిన వేసవికి వచ్చినప్పుడు నా దగ్గర తెలుగు నేర్చుకుంటూ ఒక ప్రశ్న వేశాడు. "అడుగుతాడు అంటారు, అడిగాడు అంటారు, అడగడు అంటారు. మధ్యలో డు, డి, డ అని ఎందుకు మారుతోంది?" నేను అంతకుముందు ఎప్పుడూ గమనించలేదు. ఆ రాత్రి నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోయాను. తిరుగుతాడు, తిరిగాడు, తిరగడు. పెరుగుతుంది, పెరిగింది, పెరగదు. కలుగుతుంది, కలిగింది, కలగదు. అన్నీ ఒకే దారిలో మారుతున్నాయి. మా ఎదురింటి పాపకి నాలుగేళ్లు, అది కూడా ఎక్కడా తప్పు పలకదు. దానికి ఎవరు నేర్పారు? నాకు ఎవరు నేర్పారు?

అప్పటి నుంచి ఇలాంటివి కనిపిస్తే రాసుకుంటున్నాను. ఇలాంటి ప్రశ్నలకు జవాబులు వెతికే చదువు ఒకటి ఉందని తెలిసాక వేరే దాని మీద మనసు నిలవడం లేదు. డిగ్రీలో ఇది ఎక్కడ ఉంది, చదివాక ఏం చేస్తారు, వైజాగ్‌లో ఉండి కుదురుతుందా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

2. బీచ్‌రోడ్_వాకర్

ఇది భాషలు నేర్చుకునే కోర్సే కదమ్మా? ఫ్రెంచ్, జర్మన్, జపనీస్‌లో ఒకటి పట్టుకుంటే మధురవాడ ఐటీ కంపెనీల్లో పనికొస్తుంది. దానికి మూడేళ్ల డిగ్రీ ఎందుకు?

3. ఎర్రమట్టిదిబ్బలు

వాకర్ గారూ, ఈ మాట నేను ఎం.ఏ.లో చేరిన రోజు నుంచి వింటూనే ఉన్నాను. అడిగినవాళ్ల తప్పు కాదు, మన దగ్గర ఈ చదువు గురించి చెప్పినవాళ్లు తక్కువ. లింగ్విస్టిక్స్‌లో కొత్త భాష మాట్లాడటం నేర్పరు. భాష అనేది ఎలా పనిచేస్తుందో చూస్తారు. గుండె డాక్టరుకి ఎన్ని గుండెలున్నాయని అడగం కదా, ఇదీ అంతే.

సాగరికా, నువ్వు పట్టుకున్నదాన్ని వవెల్ హార్మొనీ అంటారు. పక్కన ఉన్న అచ్చుని చూసి ఈ అచ్చు తన రూపం మార్చుకోవడం. మనిషి అనే మాటకి బహువచనం చెప్పు. మనుషులు. చివర 'లు' చేరేసరికి 'ని' కాస్తా 'ను' అయింది, 'షి' 'షు' అయింది. పులి పులులు, గది గదులు, పిల్లి పిల్లులు, అన్నీ అంతే. ఒక అచ్చు వెనక్కి నడుచుకుంటూ వెళ్లి రెండు అచ్చుల్ని మార్చేసిందంటే, మొదటిసారి క్లాసులో విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

ఇంకొకటి చూడు. "అతను వచ్చాడు", "ఆమె వచ్చింది", "కుక్క వచ్చింది". ఏకవచనంలో క్రియ చూస్తే ఆడవాళ్లు, జంతువులు ఒకే గుంపు, మగవాళ్లు వేరు. బహువచనానికి వెళ్లు. "అన్నలు వచ్చారు", "అక్కలు వచ్చారు", "కుక్కలు వచ్చాయి". ఇక్కడ మనుషులంతా ఒకవైపు, మిగతావి ఒకవైపు. ఒకే భాషలో లెక్క మారగానే లోకాన్ని విడదీసే గీత జరిగిపోయింది. దీని మీద ఒక సెమిస్టర్ గడిపినా విసుగు రాదు.

చదువులో ఏముంటుందంటే, మొదట ధ్వనులు. నోట్లో నాలుక ఎక్కడ తగులుతోంది, గాలి ఎటు పోతోంది అని అద్దం పెట్టుకుని నేర్చుకుంటాం. ప్రాత్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం వాళ్లు చేశారు. అందులో నీ గొంతు బొమ్మలా కనిపిస్తుంది. 'కల' అని, 'కళ' అని రెండూ రికార్డు చేసి చూడు. ఆ బొమ్మలో అడ్డంగా నల్లచారలుంటాయి, 'ళ' దగ్గరికి వచ్చేసరికి కింది నుంచి మూడో చార కిందికి వంగుతుంది. మా భీమిలి వైపు చాలామంది 'ళ' పలకరు, నీళ్లని నీల్లు అంటారు. వాళ్ల గొంతులో ఆ వంపు ఉండదు. తర్వాత పదాల కట్టు, వాక్యాల కట్టు, అర్థం, సమాజంలో భాష, భాషల చరిత్ర. లెక్కలు ఇష్టమైన పిల్లలకి వాక్యనిర్మాణం చాలా నచ్చుతుంది.

ఎక్కడ చదవాలన్నది తీరిగ్గా ఇంకో పోస్టులో రాస్తాను.

4. ప్లాంట్_నాన్న

నాకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దమ్మాయి ఈ అమ్మాయిలాగే వేరే దారి అడిగింది, అందుకని ఈ చర్చ శ్రద్ధగా చదువుతున్నాను. చెప్పింది బాగుంది. నేను ఒక్కటి సూటిగా అడుగుతాను, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. ఇరవై రెండేళ్లకి డిగ్రీ చేతిలో పట్టుకుని వచ్చిన పిల్లకి జీతం ఎవరిస్తారు? మాలాంటి ఇళ్లలో చదువంటే ఒకసారి పెట్టే పెట్టుబడి. తప్పు జరిగితే రెండోసారి పెట్టే స్థోమత ఉండదు. ఉన్నదున్నట్టు చెప్పండి.

5. కోడ్_మధురవాడ

ప్లాంట్ నాన్నగారూ, మీ ప్రశ్న న్యాయమైనది. నాకు తెలిసిన వైపు చెప్తాను. నేను ఇంజనీరుని, మాటని అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తాను.

హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ఒక డ్యూయల్ డిగ్రీ ఉంది. కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్, కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్‌లో రీసెర్చ్ ఎంఎస్, రెండూ కలిపి అయిదేళ్లు. దీనికి ఈఏపీసెట్ ర్యాంకు పనికిరాదు, యూజీఈఈ అని వాళ్ల పరీక్షే వేరుగా ఉంటుంది. ఇంటర్ పరీక్షల హడావుడిలో దరఖాస్తు గడువు దాటిపోతుంది, సాగరికా, క్యాలెండర్‌లో రాసి పెట్టుకో. ఎంపీసీ చదువుతున్నావు కాబట్టి నీకు ఈ దారి తెరిచే ఉంది. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. చదువు కూడా తేలిక కాదు, ఒకవైపు అల్గారిథమ్‌లు, ఇంకోవైపు వ్యాకరణం.

భాష తెలిసిన మనిషి మా పనిలో ఎందుకు కావాలో ఒక సంఘటన చెప్తాను. ఇదివరకు పనిచేసిన ఒక కంపెనీలో ఫోన్ కాల్స్‌ని టెక్స్ట్‌గా మార్చి, అందులో మనిషి ఏం అడుగుతున్నాడో తేల్చే ప్రోగ్రామ్ చేశాం. శ్రీకాకుళం వైపు నుంచి ఒక పెద్దాయన "ఏటి సెప్తన్నావు బాబూ" అన్నాడు. అక్షరాలు సరిగానే పడ్డాయి. అర్థం తీసే దశలో మాత్రం 'ఏటి' అనే మాటని ప్రోగ్రామ్ ఏరు అనుకుంది. ఏటి ఒడ్డు, ఏటి నీళ్లు ఉన్నాయి కదా, అలా. మాకు తెలుగు వచ్చినవాళ్లు నలుగురున్నా, అందరూ రాసే తెలుగు దగ్గరే ఆగిపోయారు. ఉత్తరాంధ్ర మాట ఒక పద్ధతిలో నడుస్తుందని, దానికీ నియమాలున్నాయని చెప్పింది లింగ్విస్టిక్స్ చదివిన ఒక్క అమ్మాయి. వచ్చీసినాడు, తినీసినాడు, ఎల్లిపోనాడు అని పట్టిక వేసి ఇచ్చింది. ఆ పట్టిక లేకపోతే ఇంకో మూడు నెలలు తడుముకునేవాళ్లం.

ఇంకో తలనొప్పి మన మాటల పొడవు. "వచ్చేస్తున్నాడనుకున్నాను" అనేది రాతలో ఒకే పదం. లోపల వచ్చు ఉంది, వేయు ఉంది, అనుకొను ఉంది, ఎవరు వస్తున్నారో ఉంది, ఎవరు అనుకున్నారో కూడా ఉంది. ఇంగ్లీషు కోసం తయారుచేసిన పద్ధతిలో దీన్ని ముక్కలు చేస్తే అర్థం లేని చోట తెగుతుంది. ఎక్కడ కోయాలో చెప్పేవాళ్లు కావాలి. కేంద్రం 2022లో భాషిణి అనే అనువాద కార్యక్రమం మొదలుపెట్టాక భారతీయ భాషల డేటా పనులు ఇంకా పెరిగాయి.

అయితే ఒక హెచ్చరిక. ఉత్త లింగ్విస్టిక్స్ డిగ్రీతో, కోడింగ్ అసలు లేకుండా వచ్చినవాళ్లకి మా రంగంలో మొదట దొరికేది డేటాకి గుర్తులు పెట్టే కాంట్రాక్టు పనే. పైథాన్, కాస్త స్టాటిస్టిక్స్ చేతిలో ఉంటే పరిస్థితి వేరు.

6. సగంలో_ఆపేశా

నేను రెండో వైపు చెప్పాలి. చెప్పకపోతే ఈ అమ్మాయికి అన్యాయం చేసినట్టవుతుంది.

నేను వేరే రాష్ట్రంలో ఒకచోట బి.ఏ. చేరాను, పేరు రాయను. బ్రోషర్‌లో లింగ్విస్టిక్స్ అని చూసి ఎంతో ఇష్టంగా వెళ్లాను. మొదటి ఏడాది ధ్వనిశాస్త్రం చెప్పాల్సిన పోస్టు ఖాళీ. గెస్ట్ ఫ్యాకల్టీ దసరా తర్వాత వచ్చారు, సంక్రాంతికి ముందే మానేశారు. చివరికి సీనియర్ల నోట్స్ జిరాక్స్ తీసుకుని బట్టీ పట్టాం. సస్యూర్ అనే భాషావేత్త ఏమన్నాడు, పది మార్కులు. ఫోనీమ్ అంటే ఏమిటి, అయిదు మార్కులు. ఒక్కసారి కూడా మాతో ఒక మాట పలికించి, ఇదిగో ఇక్కడ నాలుక తగిలింది చూడండి అన్నవాళ్లు లేరు. రెండో ఏడాది మధ్యలో వచ్చేశాను. ఇప్పుడు అక్కయ్యపాలెంలో మా మావయ్య కొట్టు చూసుకుంటూ దూరవిద్యలో బి.కాం. పూర్తి చేశాను.

సబ్జెక్టు మీద నాకు కోపం లేదు. పైన అడుగుతాడు, అడగడు చదివితే మళ్లీ ప్రాణం లేచి వచ్చింది. మాకు ఇది ఒక్కరోజు చెప్పి ఉంటే నేను వచ్చేసేవాడిని కాదు. అందుకే చెల్లీ, చేరే ముందు ఆ విభాగంలో పర్మనెంట్ టీచర్లు ఎంతమంది ఉన్నారో చూడు, ల్యాబ్ ఉందో లేదో చూడు, సెకండియర్ వాళ్లతో ఫోన్లో మాట్లాడు. సిలబస్ కాగితం చూసి మోసపోవద్దు.

7. తెలుగు_మాస్టారు

నలభై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఆపేసిన బాబు రాసింది చదివి బాధ కలిగింది. మేము కూడా ఎన్నో క్లాసుల్లో సంధి పేర్లు బట్టీ పెట్టించాం, సంధి ఎందుకు జరుగుతుందో చెప్పలేదు.

సాగరికమ్మా, నీకు ఒక చిన్న లెక్క ఇస్తాను. మనం చెవి అంటాం, కన్నడంలో కివి. మనం చెడు, వాళ్లు కెడు. మనం చిలక అంటాం, వాళ్లు గిళి, తమిళులు కిళి. ఏం కనిపిస్తోంది? మనకి 'చ' ఉన్నచోట వాళ్లకి 'క' గానీ 'గ' గానీ ఉంది. ఎక్కడపడితే అక్కడ కాదు, పక్కన ఇ, ఎ ఉన్నప్పుడు. మన పూర్వుల నోట్లో ఒకప్పుడు 'క' ఉండేది, ఇ, ఎ ల ముందు అది ముందుకి జరిగి 'చ' అయింది. రాతలేని కాలపు మాటని ఇప్పటి మాటల నుంచి తిరిగి కట్టడం ఇలాగే. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టలేదని, వాటిది వేరే కుటుంబమని ఎల్లిస్ 1816లోనే వాదించాడు. కాల్డ్‌వెల్ 1856లో పెద్ద వ్యాకరణమే రాశాడు.

ఈ పనిలో ప్రపంచం మెచ్చిన మనిషి మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదువుకున్నవాడు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఒంగోలులో పుట్టి, ఇక్కడ బి.ఏ. ఆనర్స్ చేసి, అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేశారు. అరకు వైపు కొండదొరలు మాట్లాడే కొండ భాషకి వ్యాకరణం రాశారు, అది 1969లో వచ్చింది. అంతకుముందు 1962లో వ్యవసాయం మాటల మాండలిక పదకోశం తెచ్చారు. జిల్లాజిల్లాల్లో రైతుల నోటి నుంచి నాగలి భాగాల పేర్లు, నూర్పిడి మాటలు ఏరి తెచ్చిన పుస్తకం. ఆ సామగ్రి ఆధారంగానే తెలుగుని నాలుగు మాండలిక మండలాలుగా విభజించారు. మన కళింగ తెలుగు అందులో ఒకటి. ఎవరైనా నీ యాసని తక్కువ చేసి మాట్లాడితే ఈ సంగతి గుర్తుంచుకో.

8. బీచ్‌రోడ్_వాకర్

మాస్టారూ, నిన్నటి నుంచి నడుస్తూ ఇదే ఆలోచిస్తున్నాను. మరి కింద, కిటికీ ఎందుకు చింద, చిటికీ కాలేదు?

9. తెలుగు_మాస్టారు

మంచి ప్రశ్న వాకర్ గారూ. కిటికీ మన మాట కాదు, ఖిడ్కీ నుంచి తర్వాత వచ్చి చేరింది. మార్పు జరిగిన కాలానికి అది ఇక్కడ లేదు. కింద పాతరూపం క్రింద. 'క' పక్కన ఆనుకుని ఉన్నది 'ర', ఇ కాదు. తప్పించుకున్న మాటల్ని ఇలా అడుగుతూ పోతేనే నియమం గట్టిదో కాదో తేలుతుంది. ఎదురు ఉదాహరణ వెతికారు కాబట్టి మీరూ ఈ శాస్త్రంలోకి వచ్చేసినట్టే.

10. సీతంపేట_సవర

అందరికీ నమస్తే. నేను సవర. మాది సీతంపేట వైపు, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా. వైజాగ్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను.

గిడుగు రామమూర్తిగారి పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం చేస్తారు, అందరికీ తెలుసు. ఆయన పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ మా భాష నేర్చుకుని, 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారని మా కాలేజీలో చాలామందికి తెలియదు. నాకూ ఇంటర్ వరకు తెలియదు. తెలిసిన రోజు మా తాతకి ఫోన్ చేసి చెప్పాను.

మా భాష తెలుగుకి చుట్టం కాదు. ముండా భాషల్లో ఒకటి. సంతాలీ కూడా ముండా భాషే. ఇంకా దూరం వెళ్తే, ముండా భాషలు చేరిన ఆస్ట్రోఏషియాటిక్ అనే పెద్ద కుటుంబంలో కంబోడియా ఖ్మేర్, వియత్నాం భాష కూడా ఉన్నాయి. పక్క ఊళ్లో తెలుగు మాట్లాడేవాళ్లతో వందల ఏళ్లుగా సంత చేస్తున్నాం, భాషల మూలాలు మాత్రం ఇంత దూరం. మా మాటల్లో గొంతు దగ్గర గాలి టక్కున ఆగే ధ్వని ఉంది, తెలుగు లిపిలో దానికి అక్షరం లేదు. తెలుగు అక్షరాలతో సవర వాచకాలు వచ్చాయి, చిన్నపిల్లలకి ఉపయోగపడ్డాయి. కానీ మా అమ్మ చదివి వినిపించినప్పుడు కొన్నిచోట్ల ఆగి, "ఇది మన మాటలా లేదు" అంది. మంగేయి గొమాంగో 1936లో సొరాంగ్ సొంపెంగ్ అనే లిపి తయారుచేశారు. ఫోన్లు, కంప్యూటర్లు వాడే అక్షరాల పట్టిక యూనికోడ్‌లోకి అది 2012లో వచ్చింది. నా ఫోన్లో ఆ అక్షరాలు చూసుకుంటే కళ్లు నిండుతాయి.

సాగరికా, ఈ చదువు చదివితే మన కొండల వైపు తప్పకుండా రా. ఒక్క విన్నపం. మా ఊరికి ఇదివరకు కొందరు వచ్చి, రెండు రోజులు రికార్డు చేసుకుని వెళ్లారు. మా అవ్వ పాటలు పాడింది, గొంతు పోయేదాకా పాడింది. ఆ రికార్డు కాపీ మాకు ఇప్పటికీ రాలేదు. అవ్వ పోయినేడు చనిపోయింది. ఎవరి గొంతు రికార్డు చేసినా అడిగి చెయ్యి, ఎందుకో చెప్పు, ఒక కాపీ ఆ ఇంటికి ఇవ్వు.

11. ఎర్రమట్టిదిబ్బలు

తమ్ముడూ, నువ్వు రాసింది మా ఫీల్డ్‌వర్క్ పాఠంలో మొదటి రోజు చెప్పాలి. రికార్డు చేసినవాళ్లు ఏ ఊరివాళ్లో, ఏ సంస్థవాళ్లో గుర్తుంటే నాకు మెసేజ్ చెయ్యి. కాపీ తెప్పించడానికి నా వంతు ప్రయత్నం చేస్తాను.

సాగరికా, మన జిల్లాల సంగతి ఇంకొకటి విను. గదబ అనే ఒక్క పేరుతో రెండు భాషలున్నాయి. ఒకటి గుతోబ్, సవరలాగే ముండా భాష. ఇంకొకటి ద్రావిడ భాష, అంటే తెలుగుకి బంధువు. జనం పేరు ఒకటే, భాషల కుటుంబాలు వేరు. కిరండూల్ ప్యాసింజర్ ఎక్కి అరకులో దిగితే కొండ, కువి, గదబ, ఆదివాసీ ఒడియా ఒకే సంతలో వినొచ్చు. లింగ్విస్టిక్స్ కోసం విదేశాలకి వెళ్లేవాళ్లున్నారు. నీకు నాలుగు గంటల రైలు ప్రయాణం చాలు.

12. స్వరపేటిక

ఇంకో దారి ఎవరూ చెప్పలేదు. నేను స్పీచ్ థెరపిస్టుని, సీతమ్మధారలో ప్రాక్టీస్ చేస్తున్నాను. బీఏఎస్ఎల్‌పీ చదివాను. ఇది లింగ్విస్టిక్స్ డిగ్రీ కాదు. వినికిడి, మాట సమస్యలకి చికిత్స నేర్పే కోర్సు, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. మైసూరులో 1965లో పెట్టిన వాక్, శ్రవణ సంస్థ దీనికి పేరున్న చోటు. కోర్సులో లింగ్విస్టిక్స్ పేపర్లు ఉంటాయి, అవి నా రోజువారీ పనిలో అక్కరకొస్తాయి.

మొన్న ఒక అయిదేళ్ల బాబుని తీసుకొచ్చారు. "వీడి మాట ఎవరికీ అర్థం కాదు మేడమ్" అని వాళ్లమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. బొమ్మలు చూపించాను. కాకిని తాతి అన్నాడు, కుక్కని తుత్త అన్నాడు, కోడిని తోడి అన్నాడు. వాడి మాట గజిబిజి ఏమీ కాదు. నాలుక వెనక నుంచి రావాల్సిన ప్రతి 'క'నీ పళ్ల దగ్గరికి తెచ్చేస్తున్నాడు, అంతే. ఒక్క నియమం. ముప్పై మాటలు విడివిడిగా సరిచేయనక్కర్లేదు, ఆ ఒక్క కదలిక నేర్పితే చాలు. ఇది వివరించాక ఆవిడ ముఖం తేటపడింది. ఇప్పుడు వాడు కాకి అంటున్నాడు. కుక్కలో ఇంకా కాస్త తడబడుతున్నాడు.

ప్లాంట్ నాన్నగారికి, ఈ దారిలో పని దొరకడం కష్టం కాదు. పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఆసుపత్రుల్లోనూ స్పెషల్ స్కూళ్లలోనూ అవసరం ఉంది. అయితే పిల్లలతో, పక్షవాతం వచ్చి మాట పోయినవాళ్లతో పనిచేసే ఓర్పు కావాలి. భాష మీద ఇష్టం ఒక్కటే సరిపోదు.

13. ప్లాంట్_నాన్న

అందరికీ ధన్యవాదాలు. ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. మా పెద్దమ్మాయికి కూడా చదివి వినిపించాను. ఇప్పుడు నాకు కావాల్సింది ఒక్కటే. మొదటి కోరిక దొరక్కపోతే పిల్ల ఎక్కడ నిలబడుతుంది? ఆ మెట్టు ఉందంటే నాలాంటి తండ్రి సంతకం పెడతాడు.

14. ఎర్రమట్టిదిబ్బలు

ఉందండి. చాలామందికి తెలియని విషయం, ఎం.ఏ. లింగ్విస్టిక్స్‌కి సాధారణంగా ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. నాతో చదివినవాళ్లలో బీటెక్ ఉన్నారు, బీఎస్సీ మ్యాథ్స్ ఉన్నారు, తెలుగు బి.ఏ. ఉన్నారు. కాబట్టి డిగ్రీలోనే ఇది దొరకకపోతే అంతా పోయినట్టు కాదు.

డిగ్రీ స్థాయిలోనే కావాలంటే మన రాష్ట్రం దాటాలి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో లాంగ్వేజ్ సైన్సెస్ అని అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎం.ఏ. ఉంది, దారి సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష. అలీగఢ్, బనారస్‌లలో బి.ఏ.లో లింగ్విస్టిక్స్ ఉంది. ట్రిపుల్ ఐటీ సంగతి పైన కోడ్ గారు చెప్పారు. ఏ ఏడాది ప్రవేశాలు ఆ ఏడాది ప్రాస్పెక్టస్‌లో సరిచూసుకోవాలి.

ఇవేవీ కాకపోతే వైజాగ్‌లోనే ఉండి, కంప్యూటర్స్ గానీ స్టాటిస్టిక్స్ గానీ మేజర్‌గా తీసుకోమంటాను. 2023-24 నుంచి మన డిగ్రీల్లో సింగిల్ మేజర్ వచ్చింది, తోడుగా మైనర్ ఉంటుంది. మైనర్‌గా తెలుగో సైకాలజీయో దొరికితే మంచిది. ఆ తర్వాత ఎం.ఏ. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్ర విభాగం ఉంది, హైదరాబాద్‌లో కేంద్రీయ విశ్వవిద్యాలయం (హెచ్‌సీయూ), ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) ఉన్నాయి, కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. ఈ పద్ధతిలో అమ్మాయి చేతిలో ఉద్యోగానికి పనికొచ్చే డిగ్రీ ఒకటి ముందే ఉంటుంది.

టీచింగ్ వైపు మాత్రం ఆశ పెట్టి మోసం చేయను. అధ్యాపకుల అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో లింగ్విస్టిక్స్ ఒక సబ్జెక్టే, అందులో జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీకి డబ్బు దొరుకుతుంది. కానీ విభాగాలు తక్కువ, పోస్టులు ఇంకా తక్కువ. నేను కూడా నాలుగేళ్లు ప్రాజెక్టుల మీదే బతికాను. ఇష్టం గట్టిగా ఉంటేనే ఆ దారి.

సాగరికా, ఈ లోపు పాణిని లింగ్విస్టిక్స్ ఒలింపియాడ్ పాత ప్రశ్నలు చెయ్యి. తెలియని భాషలో పది వాక్యాలు, వాటి అర్థాలు ఇస్తారు, మిగతాది నువ్వే తేల్చాలి. అంతర్జాతీయ పోటీ 2003లో బల్గేరియాలో మొదలైంది, 2016లో మన మైసూరులో జరిగింది. అవి చేస్తూ రాత్రి భోజనం మర్చిపోయావంటే ఈ సబ్జెక్టు నీదే.

15. సాగరిక_గాజువాక

పది రోజులు రాయలేదు, క్షమించండి. ప్రీఫైనల్స్ అయ్యాయి. నాన్నకి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. ప్లాంట్ నాన్నగారి ప్రశ్నలు వచ్చినప్పుడల్లా "ఇది నేనే అడిగినట్టుంది" అన్నారు. యూజీఈఈ, సీయూఈటీ, ఈఏపీసెట్ మూడూ రాయడానికి ఒప్పుకున్నారు. మొదటి రెండూ రాకపోతే ఇక్కడే డిగ్రీ, తర్వాత ఎం.ఏ. నాకు సమ్మతమే.

మొన్న ఆదివారం తగరపువలసలో మా నాయనమ్మ దగ్గరికి వెళ్లాను. సీతంపేట అన్న చెప్పినట్టు ముందే అడిగాను. ఎందుకు రికార్డు చేస్తున్నానో చెప్పాను. హుద్‌హుద్ వచ్చిన రోజు ఏం జరిగిందో చెప్పమన్నాను. 2014 అక్టోబర్ 12, నేను బాగా చిన్నదాన్ని, నాకు గాలి చప్పుడు తప్ప ఏమీ గుర్తులేదు. నలభై నిమిషాలు చెప్పింది. "రేకులు ఎగిరిపోనాయి, తాటిసెట్లు ఇరిగిపోనాయి, కరెంటు పోనాది, మీ తాత ఆవుని ఇప్పడానికి ఎల్లిపోనాడు, నాను తలుపట్టుకుని కూకున్నాను." అయిపోయాక ఆమెకి వినిపించాను. "నా గొంతు ఇలగుంటాదేటి" అని రెండుసార్లు పెట్టించుకుని వింది. ఫైల్ అత్త ఫోన్లో వేసి వచ్చాను.

ఇంటికొచ్చి మొత్తం రాశాను, మూడు రాత్రులు పట్టింది. పోనాది, పోనాడు, పోనాయి లాంటివి 31 సార్లు వచ్చాయి. పోయింది అని రెండేసార్లు అంది. ఆ రెండూ ఎక్కడున్నాయో వెనక్కి వెళ్లి విన్నాను. మధ్యలో పక్కింటి టీచరుగారు పెరుగు గిన్నె ఇవ్వడానికి వచ్చి ఓ నిమిషం కూర్చున్నారు. రెండూ ఆ నిమిషంలోవే. ఆవిడ లేచి వెళ్లగానే మళ్లీ పోనాది. నాయనమ్మని అడిగితే "నానెప్పుడూ ఒకలాగే మాటాడతాను" అంది.

మాస్టారూ, ఇది ఏదైనా అవుతుందా, లేక రెండు మాటలు చూసి నేను ఎక్కువ ఊహించుకుంటున్నానా?

16. తెలుగు_మాస్టారు

అమ్మా, రెండు మాటలతో నియమం కట్టలేం. కానీ నువ్వు చూసిన చోటు సరైనది. అమెరికాలో లాబోవ్ అనే భాషావేత్త ఉండేవారు. న్యూయార్క్‌లో మూడు స్థాయిల దుకాణాలకి వెళ్లి, నాలుగో అంతస్తులో ఉన్న సరుకు ఎక్కడని అడిగి, జవాబుగా వచ్చే 'ఫోర్త్ ఫ్లోర్' అనే మాటల్లో 'ర' పలుకుతున్నారా లేదా అని లెక్కపెట్టారు. ఖరీదైన దుకాణంలో 'ర' ఎక్కువ, చవక దుకాణంలో తక్కువ వచ్చింది. సరిగా వినలేదని మళ్లీ అడిగితే రెండోసారి జాగ్రత్తపడి 'ర' ఇంకాస్త ఎక్కువ పలికారు. మనిషి తన మాటని తను గమనించుకుంటున్నాడా లేదా అన్నదాన్ని బట్టి మాట మారుతుంది. మీ నాయనమ్మకి తెలియకుండానే టీచరుగారి ముందు అదే జరిగి ఉండొచ్చు.

ఇంకో సంగతి. చూస్తున్నవాళ్లు ఉన్నారన్న స్పృహ పోగొట్టడానికి లాబోవ్ జనాన్ని ఒక ప్రశ్న అడిగేవారు, ఎప్పుడైనా ప్రాణం పోతుందనిపించిందా అని. ఆ కథలో పడితే మనుషులు మాటని సవరించుకోవడం మర్చిపోతారు. ఎవరూ చెప్పకుండానే నువ్వు తుఫాను గురించి అడిగావు.

ఇప్పుడు చెయ్యాల్సింది, టీచరుగారు ఎక్కువసేపు ఉన్నప్పుడు ఒక రికార్డింగు, లేనప్పుడు ఇంకొకటి. ఇద్దరికీ ముందే చెప్పు. పోనాది, పోయింది ఒక్కటే కాకుండా నాను, నేను కూడా లెక్కపెట్టు. రెండూ కలిసి మారుతున్నాయో, విడివిడిగా మారుతున్నాయో చూడు.

17. సాగరిక_గాజువాక

చూశాను మాస్టారూ, పాత ఫైల్లోనే. టీచరుగారు ఉన్న నిమిషంలో పోయింది అంది గానీ, నాను అలాగే ఉంది. మూడుసార్లూ నానే. అంటే ఒకటి మారింది, ఒకటి మారలేదు. ఎందుకో తెలియదు.

టీచరుగారికి ఫోన్ చేసి అడిగాను, సరేనన్నారు. ఆదివారం పొద్దున్న 9 గంటలకి వస్తానన్నారు. అత్త ఫోన్ కూడా చార్జింగ్ పెట్టి ఉంచమని చెప్పాను, రెండు ఫోన్లలో రికార్డు చేస్తాను.